నెత్తురు ఎవరిది, లెక్క ఎవరిది

కెనడా పడమటి తీరంలో వాంకూవర్ దీవి ఉంది. ఆ దీవికి పసిఫిక్ వైపున, ఒడ్డు పొడవునా నూచానుల్త్ అనే ఆదివాసీ ప్రజల ఊళ్లున్నాయి. సముద్రాన్ని నమ్ముకుని బతికినవాళ్లు, ఒకప్పుడు దేవదారు పడవల మీద వెళ్లి తిమింగలాలను వేటాడినవాళ్లు. వీళ్లలో కీళ్లవాతం ఎక్కువ. దానికి వంశపారంపర్యంగా వచ్చే కారణమేదైనా ఉందేమో చూస్తానని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి రిచర్డ్ వార్డ్ అనే జన్యుశాస్త్రవేత్త వచ్చాడు. 1982 నుంచి 1985 దాకా 883 మంది ఆయనకు నెత్తురిచ్చారు. ఇంట్లో వేళ్లు వంకర్లు తిరిగిపోయిన తల్లో, మేనత్తో ఉన్నప్పుడు, ఆ జబ్బు సంగతి తేలుస్తామని ఎవరైనా వస్తే చెయ్యి చాపకుండా ఎవరుంటారు?

వార్డ్ వెతికిన కారణం దొరకలేదు. ఆయన 1986లో అమెరికాలోని యూటాకు, అక్కణ్నుంచి ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌కు మారాడు. ఆయన వెంట నెత్తురు సీసాలూ వెళ్లాయి. వాటిని ఆయన వేరే పనికి వాడాడు, వేరే పరిశోధకులకూ ఇచ్చాడు. తల్లి నుంచి బిడ్డకు వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ ఆధారంగా అమెరికా ఖండాల తొలి మనుషులు ఎక్కణ్నుంచి, ఎప్పుడు వచ్చారన్న చర్చలోకి ఆ నెత్తురు చేరింది. 1991లో పేరున్న శాస్త్ర పత్రికలో వ్యాసం వచ్చింది. జన్యుశాస్త్రంలో అది చెప్పుకోదగ్గ వ్యాసమే. నెత్తురిచ్చినవాళ్లకు మాత్రం కీళ్లవాతం గురించి కబురు లేదు, తమ పుట్టుక గురించి ఎవరో లెక్కలు కడుతున్నారన్న కబురూ లేదు. ఆ సంగతి 2000లో బయటపడింది.

ఇక్కడ ఒక విషయం దగ్గర ఆగాలి. తమ పూర్వీకులు ఆ ఒడ్డు మీదే పుట్టారని నూచానుల్త్‌ల కథలు చెబుతాయి. ఏ వంశానికి ఏ వాగు మీద హక్కుందో, ఏ పాట ఎవరి ఇంటిదో తేలేది ఆ కథలతోనే. నొప్పి తగ్గుతుందని ఇచ్చిన నెత్తురును తీసుకెళ్లి, మీరు ఎక్కణ్నుంచో వచ్చారని చెప్పే వాదానికి సాక్ష్యంగా నిలబెట్టడం అనుమతి పత్రంలో దొర్లిన పొరపాటు మాత్రమే కాదు. ఆరోగ్యం పేరు చెప్పి అస్తిత్వంలో చెయ్యి పెట్టడం అది.

వార్డ్ 2003లో చనిపోయాడు. మరుసటేడు సీసాలు కెనడాకు తిరిగొచ్చాయి. ఈలోగా నూచానుల్త్ గిరిజన మండలి తన సొంత పరిశోధనా నైతిక సంఘాన్ని పెట్టుకుంది. అప్పటినుంచి ఆ తీరంలో మనుషుల మీద పరిశోధన చేయదలచినవాళ్లు ముందుగా ఆ సంఘం దగ్గరికి రావాలి.

ఆ తీరానికి ఇది మొదటి అనుభవం కాదు. అక్కడే, పోర్ట్ అల్బెర్నీలో, ఒక రెసిడెన్షియల్ స్కూలు ఉండేది. ఆదివాసీ పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకొచ్చి, వాళ్ల భాష నోట రానివ్వకుండా, చర్చిల చేత ప్రభుత్వం నడిపించిన బళ్లలో అదొకటి. 1948 నుంచి 1952 వరకు దేశంలోని ఆరు అలాంటి బళ్లలో, వెయ్యిమంది దాకా పిల్లల మీద, ప్రభుత్వ పోషకాహార విభాగం ప్రయోగాలు నడిపింది. నాయకుడు లయొనెల్ పెట్ అనే అధికారి. అల్బెర్నీ బడిలో పిల్లలకు రోజుకు 8 ఔన్సుల పాలు పోసేవారు. ఆ వయసు పిల్లలకు ప్రభుత్వమే సిఫారసు చేసినదాంట్లో అది సగమైనా కాదు. తక్కువని తెలుసు. తెలిసీ రెండేళ్లు అలాగే ఉంచారు, పోల్చి చూడడానికి ఒక ఆధారం కావాలి కనుక. ఆ తర్వాత ఒక్కసారిగా 24 ఔన్సులకు పెంచి, ఏం మారిందో రాసుకున్నారు. చిగుళ్ల పరిస్థితి కొలిచేటప్పుడు లెక్క చెడిపోతుందని, ఆ బళ్లలో పిల్లలకు అందాల్సిన కొన్ని పంటి చికిత్సలను ఆపేశారు. అంతకుముందు 1942లో మానిటోబా ఉత్తరాన ఉన్న నార్వే హౌస్‌లో, ఆకలితో నీరసించిన 300 మంది క్రీ ప్రజల్లో 125 మందికే విటమిన్లిచ్చి మిగతావాళ్లను పోలిక కోసం వదిలేశారు. వీళ్లందరికీ కావలసింది తిండి. పరిశోధకులు వెతికింది విటమిన్ల సంగతి. ఇయాన్ మోస్బీ అనే చరిత్రకారుడు ప్రభుత్వ కాగితాలన్నీ తిరగేసి 2013లో ప్రచురించేదాకా, ప్రాణాలతో మిగిలిన పిల్లల్లో చాలామందికి తాము ప్రయోగంలో భాగమయ్యామన్న సంగతే తెలియదు.

పాలు తక్కువ పోసే ఆ గిన్నె దగ్గర మన ప్రాంతం గుర్తురాక మానదు. 2009 జూలైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. దాదాపు 14,000 మంది ఆడపిల్లలు. వాళ్లలో ఎందరో గిరిజన హాస్టళ్లలో, ఆశ్రమ పాఠశాలల్లో చదువుతున్నవాళ్లు. పాత్ అనే అమెరికా సంస్థ భారత వైద్య పరిశోధనా మండలితో కలిసి చేపట్టిన అధ్యయనం అది. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలు చెప్పాయి. కానీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం వేలెత్తి చూపిన విషయం మరొకటి: తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిన చోట వేల పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు పెట్టారు. కోయ గూడెంలో ఉన్న తల్లికి కబురు పెట్టడానికి ఎంత సమయం పడుతుంది? ఒక సంత రోజు చాలు. అల్బెర్నీనీ భద్రాచలాన్నీ ఒకే గాట కట్టడం న్యాయం కాదు. అక్కడ తిండి ఆపారు, ఇక్కడ టీకా ఇచ్చారు. అయితే పిల్ల ఇంటికి దూరంగా ప్రభుత్వ కప్పు కింద ఉంటే ఆ పిల్ల తరఫున ఊ అనే హక్కు సంస్థకే ఉంటుందన్న నమ్మకం రెండుచోట్లా ఒకటే.

ఇదంతా చదివి, ఆదివాసీలు పరిశోధన అంటేనే వద్దనాలి కదా అనిపిస్తుంది. కొందరు అన్నారు కూడా. దానికంటే కష్టమైన దారి పట్టిన ఊరు ఒకటుంది. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ ఊరి గురించే.

మాంట్రియల్ నగరం ఎదురుగా, సెయింట్ లారెన్స్ నదికి దక్షిణపు ఒడ్డున కానవాగే ఉంది. మోహాక్ అనే ఆదివాసీ ప్రజల ఊరు. ఉక్కు పని వీళ్ల పేరుకు అంటుకుపోయింది. వంతెనలూ ఆకాశహర్మ్యాలూ కట్టేటప్పుడు ఎత్తున సన్నటి దూలాల మీద నడిచే పని. 1907 ఆగస్టు 29న క్యూబెక్ వంతెన కూలి 75 మంది చనిపోతే అందులో 33 మంది ఈ ఒక్క ఊరివాళ్లే. తర్వాతి తరాలు న్యూయార్క్ మేడలు కట్టాయి. 1950లలో పెద్ద ఓడల కోసం ప్రభుత్వం కాలవ తవ్వి, ఊరికీ నదికీ మధ్య అడ్డం పెట్టింది. చేపలు పట్టిన రేవులు, పిల్లలు ఈతకొట్టిన ఒడ్డు పోయాయి. నడక తగ్గింది, నది నుంచి వచ్చే తిండి తగ్గింది, దుకాణం నుంచి వచ్చే తిండి పెరిగింది. షుగరు జబ్బు ఊళ్లోకి వచ్చిన దారిలో ఇదీ ఒక మలుపు.

ఊళ్లోనే కటేరి స్మారక ఆసుపత్రి ఉంది. అందులో పనిచేసే ఇద్దరు వైద్యులు, ఆ ఊరి మోహాక్ బిడ్డ లూయిస్ మాంటూర్, కుటుంబ వైద్యురాలు ఆన్ మెకాలే, రోగుల చీటీలన్నీ కూర్చి లెక్క తీశారు. 45 నుంచి 64 ఏళ్ల మధ్యవాళ్లలో 12 శాతం మందికి మధుమేహం. కెనడా సగటుకు రెట్టింపు. 1985లో ఆ ఫలితం వైద్య పత్రికలో వచ్చింది. షుగరు ఉన్నవాళ్లలో గుండెజబ్బులూ రక్తనాళాల జబ్బులూ ఎంత ఎక్కువో తర్వాతి అధ్యయనంలో తేలింది.

ఇక్కడిదాకా ఇది మామూలు కథే. వ్యాసం అచ్చయ్యాక ఈ ఇద్దరూ చేసిన పని మామూలుది కాదు. ఆ అంకెలు తీసుకుని ఊరి ముందు నిలబడ్డారు. సమావేశాలు పెట్టి, మీ చీటీల్లో మాకు కనిపించింది ఇదీ అని చెప్పారు. ఆ చెప్పడం గురించే 1988లో మరో వ్యాసం రాశారు. ఫలితం ఎవరిదో వాళ్లకే తిరిగి అప్పజెప్పడం కూడా పరిశోధనలో భాగమేనని వైద్య పత్రికలో రాయడం ఆ రోజుల్లో అరుదు. విన్న పెద్దలు తమ మందుల గురించి అడగలేదు. మా పిల్లలకు ఇది రాకుండా ఏం చేయాలో చేయండి అన్నారు. ఆ ప్రాంతపు ఆరు జాతుల సమాఖ్యలో మోహాక్‌లొకరు. ఏ నిర్ణయమైనా ఏడు తరాల తర్వాతివాళ్లకు ఏమవుతుందో ఆలోచించి తీసుకోవాలన్నది వాళ్ల సంప్రదాయం. తమకొచ్చిన జబ్బును వదిలి ఇంకా పుట్టని మనవల గురించి అడగడం ఆ ఆలోచన నుంచి వచ్చిందే.

అడిగినంత మాత్రాన డబ్బు రాలేదు. మధ్యలో 1990 వేసవి వచ్చింది. కానెసటాగే అనే మోహాక్ ఊళ్లో శ్మశానాన్ని ఆనుకున్న నేలలోకి ఓకా పట్టణం గోల్ఫ్ మైదానాన్ని పొడిగించబోతే ఘర్షణ రేగింది. వాళ్లకు తోడుగా కానవాగే మోహాక్‌లు తమ ఊరి మీదుగా వెళ్లే మెర్సియే వంతెనను మూసేశారు. 78 రోజులు, సైన్యం, ముళ్లకంచెలు. ఆ వేసవి తర్వాత బయటి సంస్థ ఏది గుమ్మం తొక్కినా ఎవరు పంపారు, ఎందుకు పంపారు అని అడగడం ఊరికి అలవాటైంది. నిధులు 1994లో వచ్చాయి. పేరు కానవాగే పాఠశాలల మధుమేహ నివారణ ప్రాజెక్టు. ఊరు ఒక భాగస్వామి. మెక్‌గిల్, మాంట్రియల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు మరో భాగస్వామి.

మొదట చేసింది పిల్లల బరువు తూచడం కాదు, రాతకోతలు. ఎవరేం చేయాలి, ఏది ఎవరిది అని ఎనిమిది నెలలు కూర్చుని చర్చించి 1995లో ఒక నైతిక నియమావళి రాసుకున్నారు. ఊరి సలహా మండలిలో ఉపాధ్యాయులు, ఆరోగ్య కార్యకర్తలు, తల్లిదండ్రులు ఉన్నారు. ఆ మండలి అన్ని దశల్లోనూ ఉంటుంది: ఏ ప్రశ్న అడగాలన్న దగ్గర, ఎలా అడగాలన్న దగ్గర, వచ్చినదానికి అర్థం చెప్పుకునే దగ్గర. ఫలితం బయటి ప్రపంచానికంటే ముందు ఊరికి తెలియాలి. ఓటింగు కాదు, అందరూ ఒక మాట మీదికి వచ్చేదాకా మాట్లాడుకోవడమే పద్ధతి.

ఆ పత్రంలో నన్ను బాగా కట్టిపడేసిన షరతు ఒకటి ఉంది. ఫలితానికి ఊరు ఒక అర్థం చెప్పి, విశ్వవిద్యాలయం మరో అర్థం చెప్పి, ఎంతకూ పొసగకపోతే ఏం చేయాలి? ఊరు వ్యాసాన్ని ఆపేయకూడదు, పరిశోధకులు ఊరి మాటను కొట్టేయకూడదు. రెండు అర్థాలూ అచ్చు కావాలి. ఊరి చేతికి అధికారమిస్తే నచ్చని నిజాలను తొక్కిపెడతారన్నది పరిశోధకుల్లో అప్పటికే ఉన్న భయం. ఇప్పటికీ వినిపించే అభ్యంతరం. దానికి ఆ ఊరు ఇచ్చిన జవాబు ఈ షరతు. నిజం దాచే హక్కును వాళ్లు అడగలేదు, తమ గురించిన నిజాన్ని తాము కూడా చెప్పే హక్కు అడిగారు.

బడుల్లో పని మొదలైంది. ఒకటో తరగతి నుంచి ఆరో తరగతి దాకా ఆరోగ్య పాఠాలు పెట్టారు. కూల్‌డ్రింకులు, చిప్సు, మిఠాయిలు బడిలోకి రాకూడదన్నారు. ఊళ్లో నడకదారి వేశారు. పిల్లలతో పాటు అమ్మానాన్నల్నీ తాతలనీ నడిపించే కార్యక్రమాలు పెట్టారు. పరిశోధన నిధుల గడువు 1997లో తీరిపోతే ఊరి సంస్థలూ దాతలూ డబ్బు వేసుకుని కొనసాగించారు. పరిశోధకుల ప్రాజెక్టులు ఎన్నో నిధులతో పాటే ముగిసిపోతాయి. ఇది ఊరి పని గనక ఆగలేదు.

ఎనిమిదేళ్ల ఫలితాలు 2005లో పిల్లల వైద్య పత్రికలో వచ్చాయి. అవి గర్వంగా చెప్పుకునే ఫలితాలు కావు. మొదటి ఏళ్లలో, ఒంటారియోలోని మరో మోహాక్ ఊరితో పోలిస్తే, చర్మం కింద కొవ్వు మందం విషయంలో కొంత మేలు కనిపించింది. పిల్లల కదలిక పెరిగింది. కానీ ఆ మెరుగుదల నిలవలేదు, బరువులు పెరుగుతూనే వచ్చాయి. సలహా మండలి ముందే చూసిన అంకెలవి. దాచలేదు, అచ్చుకు పంపింది. ఊరి చేతికి అధికారమిస్తే ఏమవుతుందోనని భయపడినవాళ్లు ఈ ఒక్క వ్యాసం చదివితే చాలు.

కానవాగే ఒక ఊరు. దేశం మొత్తం మీద లెక్క ఎవరిదన్న ప్రశ్న వేరే దారిలో లేచింది. 1994లో కెనడా ప్రభుత్వం ఆరోగ్యం, పిల్లల ఎదుగుదల, ఆదాయాల మీద ఏళ్ల తరబడి సాగే మూడు పెద్ద సర్వేలు మొదలుపెట్టింది. మూడింటి నుంచీ ఆదివాసీ రిజర్వుల్లో ఉండేవాళ్లను వదిలేసింది. ఎవరిని దశాబ్దాలుగా కొలిచి, తూచి, నెత్తురు తీశారో వాళ్లనే తీరా దేశమంతటినీ లెక్కించేటప్పుడు మినహాయించారు. కెనడా ఆదివాసీలైన ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్ ప్రజల ప్రతినిధులు తమ సర్వే తామే చేసుకుంటామని 1997లో ప్రాంతీయ ఆరోగ్య సర్వే చేపట్టారు. ప్రశ్నావళిలో షుగరు, బీపీలతో పాటు ఇంట్లో ఏ భాష మాట్లాడతారన్నది, రెసిడెన్షియల్ స్కూలుకు ఎవరెవరు వెళ్లారన్నది కూడా చేరాయి. ప్రభుత్వ సర్వేల్లో ఇవి ఆరోగ్యం కింద వచ్చే ప్రశ్నలు కావు. తాత ఆ బడిలో చదివాడన్న సంగతి తెలియకుండా మనవడి మద్యపానం గురించి ఏం రాసినా సగమే అవుతుందని ఆ ప్రశ్నలు రాసినవాళ్లకు తమ ఇళ్ల నుంచే తెలుసు.

ఆ సర్వే నడిపిన సంఘమే 1998లో కొన్ని సూత్రాలు పెట్టింది. ఇప్పుడవి ఓకాప్ అనే పేరుతో ప్రసిద్ధం. సమాచారానికి యజమాని ఆ సమాజమే, పరిశోధన మీద అదుపు దానిదే, తన గురించిన వివరాలు ఎక్కడున్నా చూసే వీలు దానికుండాలి, ఆ వివరాలు దాని దగ్గరే ఉండాలి. ఈ నాలుగింట్లో చివరిది చిన్నదిగా కనిపిస్తుంది. నూచానుల్త్ సీసాలను గుర్తుచేసుకుంటే దాని బరువు తెలుస్తుంది. మాటమీద నెత్తురు వాళ్లదే కావచ్చు, ఫ్రీజరు ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోపల ఉండే హవసుపాయ్ ప్రజలదీ ఇదే కథ. 1990లో షుగరు జబ్బు కోసమని ఇచ్చిన నెత్తురును అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో స్కిజోఫ్రేనియా మీద, వలసల మీద అధ్యయనాలకు వాడారు. కోర్టుకెక్కి పోరాడాక 2010లో 41 మందికి కలిపి 7 లక్షల డాలర్ల పరిహారం వచ్చింది, నెత్తురు తిరిగొచ్చింది. ఆ ఏడాదే కెనడా ప్రభుత్వ పరిశోధనా నిధుల సంస్థలు తమ నైతిక విధానంలో ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మేటీ ప్రజల కోసం ఒక పూర్తి అధ్యాయం చేర్చాయి. సమాజాన్ని ముందుగా కలుపుకోకుండా నిధులు అడగడం అప్పటినుంచి కష్టమైంది. అలాగని అంతా సాఫీగా లేదు. ఆదివాసీ ఆరోగ్యం మీద 2000లో ఏర్పడిన జాతీయ సంస్థను 2012లో కేంద్రం డబ్బు ఆపేయడంతో మూసేయాల్సి వచ్చింది. ఓకాప్ సూత్రాలు చట్టం కావు. ఆసుపత్రి రికార్డులు ఇప్పటికీ రాష్ట్ర ప్రభుత్వాల దగ్గరే ఎక్కువ, వాటి కోసం ఒక్కో ప్రాంతం వేరుగా ఒప్పందం చేసుకోవాలి.

తమ వ్యవహారం తమ చేతిలో ఉండడానికీ ఆరోగ్యానికీ సంబంధం ఉందా? మైకేల్ చాండ్లర్, క్రిస్టఫర్ లలోండ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు బ్రిటిష్ కొలంబియాలోని దాదాపు 200 ఫస్ట్ నేషన్స్ సమాజాల్లో 1987 నుంచి 1992 వరకు యువకుల ఆత్మహత్యల వివరాలు చూశారు. వీళ్లు బయటివాళ్లే. అయినా ఊళ్ల పేర్లు బయటపెట్టలేదు, అది వాళ్ల సంస్కారం. 1998లో ప్రచురించిన ఆ అధ్యయనం ఆదివాసీ ఆత్మహత్యలు అనే ఒక్క మూటను విప్పేసింది. కొన్ని ఊళ్లలో రేటు భయంకరంగా ఉంది, సగానికి పైగా ఊళ్లలో ఆ అయిదేళ్లలో ఒక్క యువకుడూ అలా పోలేదు. తేడా ఎక్కడ? సొంత పాలన, నేల కోసం సాగిన పోరాటం, బడి, ఆరోగ్య సేవలు, పోలీసు–అగ్నిమాపక సేవలు, సాంస్కృతిక కేంద్రం, ఈ ఆరింటిలో ఎన్ని సమాజం చేతిలో ఉంటే రేటు అంత తగ్గింది. ఆరూ ఉన్నచోట ఆత్మహత్యలు లేవు. 2007లో వాళ్లే భాషను కూడా చూశారు. సగానికి పైగా మనుషులు సొంత భాషలో మాట్లాడగలిగే ఊళ్లలో రేటు చాలా తక్కువ. ఇది కార్యకారణ సంబంధాన్ని నిరూపించదు. బలమైన ఊరే బడినీ భాషనూ నిలబెట్టుకుని ఉండొచ్చు. నా మట్టుకు ఆ సందేహం వాదాన్ని బలహీనపరచదు. ఊరు బలంగా ఉండడమే మందు అయితే, బలం ఎక్కణ్నుంచి వస్తుందో ముందు ఆ ఊరినే అడగాలి.

బడినీ భాషనూ తన చేతిలోకి తెచ్చుకున్న ఊళ్లలో కానవాగే ఒకటి. క్యూబెక్ ప్రభుత్వం 1977లో ఫ్రెంచి భాషా చట్టం తెచ్చి, ఇంగ్లీషు బడిలో చదవాలంటే అనుమతి తీసుకోవాలని మోహాక్ పిల్లలకూ చెప్పింది. మరుసటేడు కానవాగే పిల్లలు పక్క పట్టణపు హైస్కూలు నుంచి బయటికి నడిచారు. ఊరు తన బడి తానే పెట్టుకుంది, దాని పేరు కానవాగే సర్వైవల్ స్కూల్. భవనం లేని రోజుల్లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. పెద్దవాళ్లకు మోహాక్ భాష నేర్పే పూర్తికాలపు తరగతులు 2002లో వచ్చాయి. దానికి ఏడాది ముందు మధుమేహ ప్రాజెక్టు వేరే ఆదివాసీ ఊళ్ల కార్యకర్తలకు పని నేర్పే శిక్షణ కేంద్రం తెరిచింది. అక్కడ నేర్పే వాటిలో సమావేశం ఎలా నడపాలి, నిధులిచ్చేవాళ్లతో ఏ షరతు మీద మాట్లాడాలి, విశ్వవిద్యాలయంతో ఒప్పందం ఎలా రాసుకోవాలి అన్నవీ ఉన్నాయి. 1995 నాటి నియమావళిని ఊరు 2007లో మళ్లీ సవరించుకుంది.